కాంచనగంగపై తొలి వెలుగు

మంచుకొండ శిఖరంపై ఎర్రని వెలుగు పడుతున్న చిత్రాన్ని చూడనివారు అరుదు. గోడ క్యాలెండర్లమీద, పాఠ్యగ్రంథాల అట్టలమీద, స్టూడియోల తెరలమీద అది మనకు చిరపరిచితం. దానిని చూసిన ప్రతివారూ రెండు మాటలంటారు. "ఎంత అందమైన చిత్రం!" అన్నది మొదటిది. "ఎంత ప్రశాంతమైన చోటు!" అన్నది రెండవది. మొదటి మాట నిజం. రెండవది చాలావరకు నిజం కాదు. ఆ చిత్రం తీసినవాని రెండు ప్రక్కలా భుజాలు ఒరుసుకుంటూ జనం నిలిచి ఉంటారు. అతని వేళ్లు చలికి కొయ్యబారి ఉంటాయి. అతడు రాత్రి మూడు గంటలకే నిద్రలేచి ఉంటాడు. ఇంత చేసినా మంచుతెర తొలగకపోతే వట్టి చేతులతోనే తిరిగివస్తాడు.

ఇంత శ్రమకు ఓర్చి అక్కడికి వెళ్లేవారిలో చాలామంది సరిగ్గా ఆ చిత్రాన్నే పోగొట్టుకోవడం విచిత్రం. కారణం చలి కాదు, జనమూ కాదు. వారు ఎదురుచూసిన దిక్కు, ఎదురుచూసిన క్షణం రెండూ తప్పు కావడమే. సూర్యోదయ చిత్రానికి కావలసినది సూర్యుడు కాదనీ, సూర్యుని తొలి వెలుగు పడే వస్తువనీ గ్రహించినవానికి చలిలో నిరీక్షణ సార్థకమవుతుంది. ఈ విషయాన్ని డార్జిలింగ్ సమీపంలోని టైగర్ హిల్ ఉదాహరణగా, విజ్ఞానశాస్త్ర సహాయంతో మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

స్థల పరిచయం

టైగర్ హిల్ పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో డార్జిలింగ్ పట్టణానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. సముద్రమట్టానికి దాని ఎత్తు సుమారు 2,590 మీటర్లు. కొండ దిగువన ఘూమ్ రైల్వే స్టేషన్ ఉన్నది. 1881లో పూర్తయిన డార్జిలింగ్ చిన్న రైలుమార్గంలో అదే అత్యున్నత స్థానం. ఆ మార్గాన్ని యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఈ కొండపై నిలిచి ఉత్తర దిక్కుకు చూస్తే, ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు, కాంచనగంగ పర్వతశ్రేణి కనిపిస్తుంది. ఎత్తు 8,586 మీటర్లు. ప్రపంచ పర్వతాలలో మూడవ స్థానం దానిదే. పంతొమ్మిదవ శతాబ్దం మధ్యభాగం వరకు అదే ప్రపంచంలో అత్యున్నత శిఖరమని భావించేవారు. టైగర్ హిల్ నుండి ఆ శిఖరానికి దూరం దాదాపు 80 కిలోమీటర్లు. వాయవ్య దిశగా సుమారు 170 కిలోమీటర్ల అవతల ఎవరెస్టు శిఖరాగ్రం కూడా, కన్ను గుర్తుపట్టగలిగితే, చిన్న ముక్కవలె కనిపిస్తుంది. అది దూరాన ఉన్నందున, ముందున్న కొండలకంటె పొట్టిగా తోస్తుంది. అక్కడ చాలామంది దానిని చూడకుండానే చూశామని చెప్పుకుంటారు.

అక్టోబరు మొదలుకొని డిసెంబరు వరకు ఆకాశం నిర్మలంగా ఉండే అవకాశం ఎక్కువ. అయినా ఎవరూ హామీ ఇవ్వలేరు. సత్యజిత్ రాయ్ 1962లో తీసిన 'కాంచన్‌జంఘా' చలనచిత్రం ఈ నిరీక్షణ చుట్టూనే అల్లుకున్నది. డార్జిలింగ్ వచ్చిన ఒక కుటుంబం ఆ శిఖర దర్శనం కోసం వేచి ఉండడం, మంచు తొలగి చివరికి శిఖరం బయటపడడం అందులోని నేపథ్యం.

చలి ఎందుకు, ఎంత?

దక్కను పీఠభూమిలో పెరిగిన మనకు ఇరవై డిగ్రీలే చలి. డిసెంబరు, జనవరి మాసాలలో టైగర్ హిల్‌పై వేకువన ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల చేరువకు దిగుతుంది. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చును.

మొదటిది ఎత్తు. వాతావరణంలో ప్రతి వెయ్యి మీటర్లు పైకి పోయినకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అందుచేత డార్జిలింగ్ బజారులో ఉన్న చలికంటె కొండపై చలి మరి మూడు డిగ్రీలు ఎక్కువ. రెండవది వేళ. పగలు గ్రహించిన వేడిని భూమి రాత్రి అంతా వెలుపలికి వికిరణం చేస్తూనే ఉంటుంది. సూర్యుడు ఉదయించి, నష్టమయ్యే వేడికంటె అందే వేడి ఎక్కువయ్యేవరకు ఈ చల్లబడడం ఆగదు. కనుక దినమంతటిలో అతిశీతల సమయం అర్ధరాత్రి కాదు, సూర్యోదయ సమయమే. ఛాయాచిత్రం కోసం మనం నిలబడేదీ అప్పుడే. మూడవది గాలి. మన చర్మాన్ని అంటిపెట్టుకొని వెచ్చని గాలిపొర ఒకటి ఉంటుంది. వీచే గాలి దానిని క్షణక్షణం ఊడ్చివేస్తుంది. ఉష్ణమాపకం సున్నా చూపినా శరీరానికి అంతకంటె తక్కువగా తోచడం ఇందువల్లనే.

చలి సోకినప్పుడు శరీరం గుండె, మెదడు, ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి చేతివేళ్లకు, కాలివేళ్లకు పోయే రక్తనాళాలను ముడుచుకొనేటట్లు చేస్తుంది. మొదట మొద్దుబారేది కెమెరా మీట నొక్కవలసిన వేలే. ఒక దళసరి కోటుకంటె రెండు మూడు పలుచని ఉన్ని వస్త్రాలు, వాటిపై గాలి చొరని పైవస్త్రం మేలు. వస్త్రాల మధ్య నిలిచిన గాలియే నిజమైన దుప్పటి. నూలు బనియను చెమటకు తడిసి చల్లబడుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకుంటుంది. తలకు, చెవులకు మఫ్లరు, రెండు జతల మేజోళ్లు, వేళ్లకు పలుచని తొడుగులు తప్పనిసరి.

ఒక హెచ్చరిక. వణుకు శరీరం తనను తాను వెచ్చబరచుకొనే ప్రయత్నం. దానికి భయపడనక్కర లేదు. కాని తీవ్రంగా వణుకుతున్నవాడు వెచ్చబడకుండానే వణకడం మాని, మాట తడబడుతూ, మగతగా మారితే అది అపాయ సూచన. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దిగువకు పడిపోవడాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. అటువంటివానిని వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు మార్చి, దుప్పట్లు కప్పి, వైద్యునికి చూపించాలి. స్పృహలో ఉండి మింగగలిగితే వెచ్చని తియ్యని పానీయం ఇవ్వవచ్చును. మద్యం వేడినిస్తుందన్నది భ్రమ. అది చర్మపు రక్తనాళాలను విప్పి లోపలి వేడిని బయటికి పోనిస్తుంది.

వేకువ ఒక క్షణం కాదు

డిసెంబరు చివరివారంలో టైగర్ హిల్‌పై సూర్యబింబం కనిపించేది ఉదయం ఆరుంబావు ప్రాంతంలో. డార్జిలింగ్ నుండి జీపులు నాలుగు గంటలకు ముందే బయలుదేరుతాయి. నాలుగున్నరకు చోటు దొరికించుకున్నవాడు రెండు గంటలపాటు చలిలో నిలబడాలి. అతనికి ఆ రెండు గంటలూ శూన్యంగా, శిక్షగా తోచడం సహజం. కాని అవి శూన్యం కావు. వేకువకు మెట్లు ఉన్నవి.

సూర్యుడు దిఙ్మండలానికి 18 డిగ్రీల దిగువకు చేరినప్పుడు ఆకాశంలో మొట్టమొదటి వెలుగు పుడుతుంది. దానిని ఖగోళ సంధ్య అంటారు. చలికాలంలో ఆ అక్షాంశంపై ఇది సూర్యోదయానికి సుమారు గంటా ఇరవై నిమిషాల ముందు. 12 డిగ్రీల దిగువన ఉన్నప్పుడు కొండల అంచులు తెలుస్తాయి. 6 డిగ్రీల దిగువకు వచ్చేసరికి, అంటే సూర్యోదయానికి సుమారు 25 నిమిషాల ముందు, దీపం లేకుండా మనిషి ముఖం గుర్తించవచ్చును. మన పల్లెలలో వేగుచుక్క పొడవడం, తూరుపు తెలవారడం, పొద్దు పొడవడం అని పెద్దలు వేరువేరుగా చెప్పేవి ఈ మెట్లే.

ఉర్దూ చదివే మన విద్యార్థులకు ఇందులో మరొక పరిచిత విషయం ఉన్నది. ఫజర్ నమాజు వేళను నిర్ణయించడానికి సుబహ్-ఎ-కాజిబ్, సుబహ్-ఎ-సాదిఖ్ అని రెండు వేకువలను వేరు చేస్తారు. మొదటిది మిథ్యా ప్రభాతం. అది తోడేలు తోక వలె నిలువుగా పైకి సాగిన మసక వెలుగు. రెండవది సత్య ప్రభాతం. అది దిఙ్మండలం పొడవునా అడ్డంగా పరచుకొనే వెలుగు. నమాజు వేళ ఈ రెండవదానితోనే ప్రారంభమవుతుంది. మొదటిది నిజంగా ఉన్నదా అని సందేహించనక్కర లేదు. గ్రహాలు పరిభ్రమించే తలంలో వ్యాపించిన సన్నని ధూళికణాలపై సూర్యకాంతి పడి చెదరడం వల్ల అది ఏర్పడుతుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు దానిని రాశిచక్ర కాంతి అంటారు. దీపాల వెలుగు లేని చీకటి ఆకాశంలో, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు మాసాల వేకువలలో అది కనిపిస్తుంది. ధార్మిక విధి కోసం ఆకాశాన్ని పరిశీలించినవారు ఎంత సునిశితంగా చూశారో దీనివల్ల తెలుస్తుంది.

ఈ పరిశీలన గణితానికి కూడా దారితీసింది. పదకొండవ శతాబ్దంలో ముస్లిం స్పెయిన్‌కు చెందిన ఇబ్న్ ముఆద్ అల్ జయ్యానీ అనే గణితవేత్త, తొలి వెలుగు కనిపించేటప్పుడు సూర్యుడు 19 డిగ్రీల దిగువన ఉంటాడని తీసుకొని, వాతావరణం ఎంత ఎత్తు వరకు వ్యాపించి ఉన్నదో లెక్కకట్టాడు. ఆయన గ్రంథం లాటిన్ భాషలోకి అనువాదమై యూరపులో శతాబ్దాలపాటు చదువబడింది. చాలాకాలం దానిని దృక్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైసమ్ రచనగా పొరబడ్డారు. చలిలో తూరుపు వైపు చూస్తూ నిలబడినవాడు ఈ లెక్కను తలచుకుంటే కాలం భారంగా గడవదు.

ఏ దిక్కుకు తిరగాలి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. చలికాలంలో సూర్యుడు సరిగ్గా తూరుపున కాక ఆగ్నేయానికి జరిగి ఉదయిస్తాడు. కాంచనగంగ ఉన్నది ఉత్తరాన. అంటే సూర్యునికి ఎదురుగా నిలిచినవానికి శిఖరం ఎడమ భుజం వెనుకకు పోతుంది. రెంటినీ ఒకేసారి చూడడం సాధ్యం కాదు.

అంతకంటె ముఖ్యమైనది కాలభేదం. ఎత్తున ఉన్నవానికి దిఙ్మండలం దిగువకు జరుగుతుంది. అతనికి సూర్యుడు ముందుగా కనిపిస్తాడు. 8,586 మీటర్ల శిఖరానికీ 2,590 మీటర్ల కొండకూ మధ్య ఈ తేడా సుమారు 1.2 డిగ్రీలు. చలికాలంలో ఆ అక్షాంశంపై ఉదయించే సూర్యుడు అయిదు నిమిషాలకు సుమారు ఒక డిగ్రీ ఎత్తు లేస్తాడు. కనుక మనకు సూర్యబింబం కనిపించడానికి అయిదారు నిమిషాల ముందే శిఖరాగ్రానికి ఎండ తగులుతుంది. మనం ఇంకా నీడలో ఉండగా, దిగువ లోయలు చీకటిలో ఉండగా, ఆకాశంలో ఆ ఒక్క కొన మాత్రమే రగిలిన నిప్పుకణం వలె వెలుగుతుంది. క్యాలెండర్లపై మనం చూసే చిత్రం ఆ అయిదారు నిమిషాలది.

ఆ వెలుగు ఎర్రగా ఉండడానికి కారణాన్ని 1871లో లార్డ్ రాలీ వివరించాడు. వాయు అణువులు పొడవు తక్కువైన నీలి తరంగాలను ఎర్ర తరంగాలకంటె అనేక రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. ముదురు ఎరుపుతో పోల్చితే నీలం సుమారు ఆరు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. ఉదయకిరణం భూమిని ఒరుసుకుంటూ వందలాది కిలోమీటర్ల గాలిపొరను దాటి శిఖరాన్ని చేరేసరికి అందులోని నీలం దారిలోనే రాలిపోయి ఎరుపు మిగులుతుంది. సూర్యుడు పైకి వచ్చినకొద్దీ దారి కురచనై, ఎరుపు నారింజగా, నారింజ బంగారంగా, బంగారం తెలుపుగా మారుతుంది. ఆ వెలుగు శిఖరం నుండి మెట్టు మెట్టుగా దిగివస్తుంది. నిజానికి దిగుతున్నది భూమి నీడ.

పడమటి వైపు కూడా ఒకమారు తిరిగి చూడవలెను. సూర్యోదయానికి ముందు ఆ దిక్కున దిఙ్మండలంపై ముదురు నీలి పట్టీ ఒకటి, దానిపై గులాబీ పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఆ నీలి పట్టీ ఆకాశంపై పడిన మన భూమి నీడ. అందరూ తూరుపుకు తిరిగి ఉండడంవల్ల దీనిని చూసేవారు బహు తక్కువ.

సూర్యబింబం అంచు కనిపించగానే కొండపై పెద్ద కేక లేస్తుంది. వందలాది చేతులు ఒక్కసారిగా తూరుపుకు లేస్తాయి. అప్పటికే శిఖరంపై ఎరుపు వెలిసి బంగారుఛాయకు మారి ఉంటుంది. సూర్యుడు ఏ ఊరి మిద్దెపైనుండి చూసినా సూర్యుడే. అంత దూరం వచ్చి, అంత చలికి ఓర్చి, ఆ కొండకు మాత్రమే ప్రత్యేకమైన దృశ్యానికి వీపు చూపి నిలబడడం ఎంత నష్టం!

యంత్రానికీ చలి ఉన్నది

1899లో ఇటలీ ఛాయాగ్రాహకుడు విట్టోరియో సెల్లా, డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ బృందంతో కలిసి కాంచనగంగను చుట్టివచ్చి, గాజుపలకలపై చిత్రాలు తీశాడు. ఆ పలకలను, బరువైన కెమెరాను కూలీలు మంచులో మోశారు. నేడు మన జేబులోని ఫోనే కెమెరా. అయినా చలి ముందు అదీ మనవంటిదే.

ఫోనులోను, డిజిటల్ కెమెరాలోను ఉండే లిథియం బ్యాటరీ రసాయన చర్య వల్ల పనిచేస్తుంది. చలిలో ఆ చర్య మందగించి, లోపలి నిరోధం పెరిగి, బ్యాటరీ నిండుగా ఉండగానే యంత్రం ఆగిపోతుంది. ఆ విద్యుత్తు నశించలేదు. వెచ్చబడితే చాలావరకు తిరిగి లభిస్తుంది. కనుక తీయవలసిన సమయం వచ్చేవరకు ఫోనును, అదనపు బ్యాటరీని చొక్కా లోపల శరీరానికి తగిలేటట్లు ఉంచుకోవలెను. గడ్డకట్టే చలిలో బ్యాటరీని చార్జి చేయరాదు. అది దానికి శాశ్వత హాని.

రెండవది తేమ. చల్లబడిన కెమెరాను వెచ్చని గదిలోకి తెస్తే, గాలిలోని తేమ దానిపైన, లోపలి లెన్సులపైన నీటిబొట్లుగా కడుతుంది. బయటనే దానిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, గదిలో నెమ్మదిగా వెచ్చబడనివ్వాలి. అప్పుడు తేమ సంచిపైనే ఆగుతుంది. లెన్సుపై నోటితో ఊది తుడవడం కూడా కూడదు.

మూడవది వెలుగు కొలత. చిత్రంలో ఎక్కువ భాగం చీకటి ఉండడంచేత కెమెరా దృశ్యమంతా మసకగా ఉన్నదని భావించి వెలుగును పెంచుతుంది. ఫలితంగా వెలుగుతున్న శిఖరం రంగు కోల్పోయి తెల్లమచ్చ అవుతుంది. ఫోను తెరపై శిఖరం బొమ్మను వేలితో తాకి, వెలుగును కొంత తగ్గించి తీస్తే ఎరుపు నిలుస్తుంది. తెల్లవారిన తరువాత మంచు చిత్రమంతా నిండినప్పుడు దీనికి విరుద్ధం. అప్పుడు కొద్దిగా పెంచకపోతే తెల్లని మంచు బూడిదరంగుగా పడుతుంది.

కాంచనగంగ మన కంటికి ఎంత పెద్దదిగా తోచినా, టైగర్ హిల్ నుండి దాని ఎత్తు నాలుగు డిగ్రీలే. అంటే చాచిన చేతి రెండు మూడు వేళ్ల వెడల్పు. మామూలు ఫోను చిత్రంలో అది చిన్న గీతగా మిగులుతుంది. దూరదృశ్య లెన్సు ఉన్నవారు దానిని వాడవచ్చును. లేనివారు ముందుభాగాన చెట్ల అంచునో, జనుల తలలనో చేర్చి చిత్రానికి కొలత ఇవ్వవచ్చును. మసక వెలుగులో చేయి కదిలితే చిత్రం చెదురుతుంది కనుక, ట్రైపాడ్ లేనిచోట ఏదైనా గోడకో రాతికో ఫోనును ఆనించి, రెండు సెకన్ల టైమరు పెట్టి తీయవలెను.

జనసమ్మర్దంలో మర్యాద

సెలవు దినాలలో టైగర్ హిల్ దారి పొడవునా జీపులు బారులు తీరుతాయి. చివరి మలుపులు నడిచి ఎక్కవలసి రావచ్చును. కొండపై స్థానిక స్త్రీలు ఫ్లాస్కులతో వేడి కాఫీ అమ్ముతూ చీకటిలో జనం మధ్య మెలగుతుంటారు. మనం ఒక్కనాడు భరించే చలిని వారు జీవిక కోసం నిత్యమూ భరిస్తారు. వారితో బేరమాడేముందు ఆ మాట తలచుకోవడం మంచిది.

అక్కడ తరచు కనిపించే దోషం ఫ్లాష్ దీపం. ఫ్లాష్ వెలుగు కొద్ది మీటర్లకే క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగవ వంతు అవుతుంది. 80 కిలోమీటర్ల దూరాన ఉన్న పర్వతాన్ని దానితో వెలిగించబూనడం హాస్యాస్పదం. అది వెలిగించేది ముందున్నవారి వీపులను మాత్రమే. పైగా చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క మెరుపు చుట్టుప్రక్కలవారందరి నిరీక్షణను చెరిపివేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న అనుభవం చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరాల క్రితం పద్దెనిమిది మంది విద్యార్థులతో నేను ఆ కొండ ఎక్కాను. మొదటినాడు పొగమంచు తప్ప మరేమీ కనిపించలేదు. రెండవనాడే చివరి అవకాశం, మధ్యాహ్నం మా తిరుగు ప్రయాణం. ఒక విద్యార్థి తన చాచా వద్ద అరువు తెచ్చిన కెమెరాతో నాలుగున్నరకే ముందు వరుసలో కమ్మీ పట్టుకొని నిలిచాడు. అతని ప్రయాణపు రుసుము తల్లి కుట్టుమిషనుపై సంపాదించినది. "అమ్మీ ఎన్నడూ ఊరు దాటలేదు సార్, ఆ కొండను చూపిస్తానని మాట ఇచ్చాను" అని రైలులోనే నాతో చెప్పాడు.

ఆరు గంటలకు కొద్దిసేపు ముందు అతని కెమెరా ఆగిపోయింది. అతని వద్ద వేరే బ్యాటరీ లేదు. చలికోటు కూడా లేదు, రెండు చొక్కాలపై ఒక శాలువ మాత్రమే. కెమెరాను రెండు గంటలపాటు మెడలో బయటనే వ్రేలాడదీసుకున్నాడు. "బ్యాటరీని చంకలో పెట్టుకో నాయనా, కొంతసేపటికి ప్రాణం రావచ్చును" అన్నాను. అతని వెనుక పొట్టిగా ఉన్న బెంగాలీ వృద్ధురాలు ఒకామె మునివేళ్లపై నిలిచి, ఏమీ కనిపించక అవస్థ పడుతున్నది. అతడు ఆమెను చూచి, "అమ్మా, ఆప్ సామ్నే ఆజావ్" అని తన చోటు ఆమెకు విడిచి వెనుకకు వచ్చాడు. వెనుక, ఉత్తరం వైపు చిన్న మట్టిదిబ్బ ఒకటి ఉన్నది. అందరూ తూరుపు కమ్మీవైపు ఒరిగి ఉండడంచేత అక్కడ ఎవరూ లేరు. మేమిద్దరమూ దానిపై నిలిచాము.

శిఖరాగ్రం ఎర్రబడినప్పుడు అతడు బ్యాటరీ తిరిగి అమర్చాడు. ఎనిమిది చిత్రాలు పడిన తరువాత కెమెరా మళ్లీ ఆగింది. ఆ ఎనిమిదింటిలో రెండు బాగా వచ్చాయి. ఒకదానిలో దిగువన నల్లని తలల వరుస, ఒక మూల వృద్ధురాలి శాలువ అంచు, పైన ఎర్రని శిఖరం. తూరుపు కేక లేచినది ఆ తరువాతనే. మాతో వచ్చిన తక్కినవారిలో చాలామంది ఫోనులలో సూర్యుడున్నాడు, కొండ లేదు. అతడు చోటు విడవకపోయి ఉంటే అతనికీ అంతే దక్కి ఉండేది. త్యాగానికి ఫలితం ఎల్లప్పుడూ ఇంత వెంటనే లభిస్తుందని నేను చెప్పను. ఆనాడు మాత్రం లభించింది.

మన చెంతనే

ఇదంతా చదివి, డార్జిలింగ్ వెళ్లగలిగినవారికే ఈ విద్య అని అనుకోనక్కర లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు సమీపంలోని వంజంగి కొండకు, లంబసింగి ప్రాంతానికి నవంబరు మొదలు జనవరి వరకు ఇదే విధంగా చీకటిలో జనం తరలివెళ్తున్నారు. రాత్రి చల్లబడిన బరువైన గాలి లోయలలోకి జారి, అందులోని తేమ మంచుగా కట్టి, కొండపైనుండి చూసేవారికి పాలసముద్రం వలె కనిపిస్తుంది. అక్కడ కూడా సూర్యబింబంకంటె, ఆ మంచుపై ఏటవాలుగా పడే తొలి వెలుగే చిత్రానికి ప్రాణం. అవి గిరిజన గ్రామాలని, మనం విడిచివచ్చే ప్లాస్టిక్ సీసాలు వారి పొలాలలోనే మిగులుతాయని గుర్తుంచుకోవలెను.

కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. విహారయాత్రలకు రుసుము చెల్లించగలిగినా, చలిబట్టలు కొనలేని విద్యార్థులు మనలో ఉన్నారు. ఒక్క ప్రయాణం కోసం కోటు కొనడం వారికి సాధ్యం కాదు, అడగడానికి బిడియం. కళాశాల పక్షాన కొన్ని ఉన్ని కోట్లు, చేతితొడుగులు, టోపీలు ఒక పెట్టెలో సమకూర్చి, యాత్రకు వెళ్లేవారికి గ్రంథాలయ పుస్తకం వలె ఇచ్చి తిరిగి తీసుకొనే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. యాత్రకు ముందు ఒక గంటసేపు భౌతికశాస్త్ర శాఖ వారు ఈ విషయాలను బోధిస్తే ఇంకను మంచిది.

చివరగా ఒక చారిత్రక విషయం. కాంచనగంగ సిక్కిం ప్రజలకు పవిత్ర పర్వతం. 1955 మే 25న జో బ్రౌన్, జార్జి బాండ్ అనే బ్రిటిష్ పర్వతారోహకులు మొట్టమొదటిసారిగా ఆ శిఖరాన్ని చేరారు. శిఖరాగ్రాన్ని తొక్కబోమని ముందుగా ఇచ్చిన మాట ప్రకారం కొద్ది అడుగుల దిగువనే ఆగిపోయారు. మరునాడు ఎక్కిన మరి ఇద్దరూ అలాగే ఆగారు. అంత ఎత్తుకు ఎక్కి, చివరి కొద్ది అడుగులను విడిచిపెట్టగలిగినవారు ఉన్నారు. ఆ కొండను చూడబోయిన మనం, వెనుకనున్నవారి కోసం కమ్మీ దగ్గర ఒక అడుగు విడిచిపెట్టడం కష్టమేమీ కాదు.